పైరాక్సీన్ కరిగే వేగమూ, నేను పెట్టిన సంతకమూ

1991 ఆగస్టు 19వ తేదీన రాజమహేంద్రవరంలోని మన కళాశాల భూవిజ్ఞాన శాఖలో ఉపన్యాసకురాలిగా డాక్టర్ రత్నమాణిక్యం గారు బాధ్యతలు స్వీకరించారు. ముప్పైనాలుగేళ్ల నిష్కళంక సేవ అనంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న ఆ విదుషీమణి గురించి నాలుగు మంచి మాటలు రాయమని మన వీడ్కోలు సంచిక సంపాదకవర్గం నన్ను కోరింది. మంచి మాటలే రాస్తాను. అవి అందరికీ తియ్యగా ఉండాలంటే మాత్రం నా వల్ల కాదు.

చేరిన ఏడాదే వారు గౌరీపట్నం క్వారీల నుంచి నల్లరాయిని సంచీలో వేసుకుని, ఆర్టీసీ బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. ఆ రాతిలో పైరాక్సీన్ అనే ఖనిజం ఉంటుంది. అందులో సిలికాన్, ఆక్సిజన్ కలిసి పొడవాటి గొలుసులుగా ఏర్పడతాయి. ఆ గొలుసుల నడుమ కాల్షియం, మెగ్నీషియం, ఇనుము కూర్చుని వాటిని పట్టి ఉంచుతాయి. 2008 నుంచి ఆ ఖనిజపు పొడిని గాజు గొట్టాల్లో నింపి, బొట్టుబొట్టుగా నీరు పంపి, కిందికి దిగిన నీటిలో ఏమి కరిగిందో ప్రతి సోమవారమూ కొలిచారు. పదిహేడేళ్లు! వారు తేల్చింది ఇదీ: కొత్తగా నూరిన పొడి మొదటి వారం గబగబా కరుగుతుంది, ఆ తరువాత వేగం పడిపోయి, మొత్తం కరగడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది.

2019లో రొయ్యల చెరువులకు ఖనిజాల పొడి అమ్మే ఒక సంస్థ మన యాజమాన్యం ద్వారా ధ్రువపత్రం కోరింది. మొదటి వారపు వేగాన్ని పట్టుకుని, మూడు నెలల్లో పొడి అంతా కరుగుతుందని ఆ సంస్థవాళ్లే రాసి పెట్టారు. మేడమ్ సంతకమే తరువాయి.

"ఇంతకీ కరుగుతుందా, కరగదా అండీ?" అని విసుక్కున్నారు కరస్పాండెంట్ గారు.

"కరుగుతుందండీ. అప్పటిదాకా రొయ్య ఆగదు, అంతే," అన్నారు మేడమ్.

"మొదటి వారం లెక్క మీదే కదా!"

"నాదేనండి. రైతు వారం రోజుల కోసం కొనడం లేదు కదా."

వారు కలం ముట్టలేదు. ఆ గదిలోనే ఉన్న నేను గంగిరెద్దులా తలాడించి సంతకం పెట్టాను. మరుసటి నెలలో వారికంటే రెండేళ్లు వెనక చేరిన నన్ను శాఖాధిపతిని చేశారు. సహోద్యోగులైన మీరెవరూ నోరు మెదపలేదు. నేను సిగ్గు లేకుండా స్వీట్లు కూడా పంచాను.

ఏడాది తిరక్కుండా భీమవరం దగ్గరి రైతు హనుమంతరాజు గారు కాగితంలో తడిసిన ఖనిజపు పొడిని పొట్లం కట్టుకుని వచ్చారు.

"మీ సంతకం చూసే వేశానండి. చెరువు ఎండగడితే అడుగున పోసింది పోసినట్టే ఉందండి. రొయ్యలకి పెంకు గట్టిపడక పంటంతా పోయింది," అన్నారు.

మేడమ్ ఆయనను కూర్చోబెట్టి, స్వయంగా కాఫీ తెచ్చిచ్చి, "తప్పు నాదేనండి రాజుగారూ. కొలిచినదాన్ని నేను, ఇంకా గట్టిగా అరిచి చెప్పాల్సింది," అన్నారు. ఆయన వెళ్లాక నన్ను ఒక్క మాటైనా అన్నారా? అనలేదు. ఆనాడే చెడామడా తిట్టి ఉంటే నాకు ఇంత మంట ఉండేది కాదు.

అటువంటి మనిషిని ఆరేళ్లపాటు పక్కన పెట్టి, ఇవాళ శాలువా కప్పడానికి మాత్రం ఒకరినొకరం తోసుకుంటున్నాం. ఛీ! ఆ సంస్థ సంచీల మీద నా పేరు ఇప్పటికీ అచ్చవుతూనే ఉంది.

కనుక, వారి కుటుంబ సభ్యులూ మీరందరూ చదువుతారని తెలిసే రాస్తున్నాను: ఆ ధ్రువపత్రం రైతులను మోసగించేది. నా సంతకాన్ని ఉపసంహరించుకుంటున్నాను. సంస్థకూ యాజమాన్యానికీ నిన్ననే లేఖలు పంపాను. ఈ మాటలు తీసేయదలిస్తే సంపాదకులు వ్యాసం మొత్తం తీసేయవచ్చు.

మేడమ్ గారూ, మీకు సంపూర్ణ ఆరోగ్యాన్నీ, నిండు నూరేళ్ల ఆయుష్షునూ ఆ భగవంతుడు ప్రసాదించాలి. కొలిచేవారు మీరు ఉన్నంతకాలం, సంతకం పెట్టేటప్పుడు మా చేతులు కాస్తయినా వణుకుతాయి.

జానకిరామ్,
భూవిజ్ఞాన శాఖాధిపతి