భుజాల మీది ఎత్తు

సైకిల్ చక్రానికి రంగుదీపాలు బిగించి వీధుల్లో ఆడించిన మనిషి పోయాక, కూతురు ఆ చక్రాన్ని బయటికి తీయడం ఇదే మొదటిసారి. పగలే కిటికీ తెరలన్నీ వేసి, తల్లీకూతుళ్ళు దాని ముందు నిలబడ్డారు.

"ఉన్న దీపాలు చాలవా? మళ్ళీ ఈ లేజర్లెందుకే?"

"నాన్నే పెడదామన్నాడు కదమ్మా. తక్కువ పవర్‌వి చూసి తనే కొన్నాడు."

"తక్కువదైనా కన్ను కన్నే. రేపు నీ ఆటకి వచ్చేదంతా పిల్లలు."

"అందుకే, పళ్ళెంలా అడ్డంగా తిరిగే చక్రం మీద అన్నిటినీ పైకి వంచి బిగించాను. చక్రం ఆగితే అవీ ఆరిపోతాయి. నువ్వు గోడవైపు తిరిగి, ఈ తెల్ల అట్టని నెత్తి మీద ఎత్తి పట్టుకో. దాని మీద చుక్క పడితే నేను చూస్తాను."

చక్రం తిరిగింది. తల్లి చూస్తున్న గోడ మీద, బాగా పైన, ఎర్రటి గీతలు పరుగెత్తాయి.

"అట్టని తాకలేదమ్మా. నిలబడ్డవాళ్ళకి కూడా తగలదు."

"భుజాలెక్కి చూసేవాళ్ళకో?"

కూతురు చక్రం ఆపేసింది.

"అది తట్టనేలేదు."

"భలేదానివే. ఎవరి ఆటకి వెళ్ళినా మీ నాన్న భుజాలు దిగేదానివా? దిగమంటే జుట్టు పట్టుకుని వేలాడేదానివి."

"మరి ఎంత ఎత్తుకి వంచను?"

తల్లి గోడకి అరచెయ్యి ఆనించింది.

"ఆయన తల ఇక్కడిదాకా వచ్చేది."

చెయ్యి కాసేపు అక్కడే ఉండిపోయింది. తరవాత స్టూలు లాక్కుని ఎక్కి, అట్టని ఆ చోటికి బాగా పైన పట్టుకుంది.

"ఆయన భుజాల మీద నువ్వు ఇక్కడిదాకా. ఇప్పుడు తిప్పు, తల్లీ."