లాటిను మాటకి వేలిముద్ర

నందిగామ కోర్టు వసారాలో పొలం ఆసామి తరఫు ప్లీడరు గుమాస్తా, కౌలు పొలం వదులుకుంటున్నట్టు రాసిన కాగితం చదివి, వీరులపాడు కౌలురైతు ముందు పెట్టాడు.

"మధ్యలో ఒక మాట గొణిగారేంటండీ?"

"బోనఫైడీ. మంచి నమ్మకంతో అని. సొంత సేద్యానికి ఆసామికి పొలం నిజంగానే కావాలని."

"ఇంగ్లీషా?"

"లాటిను. పాతకాలపు రోమువాళ్లది. మంచికి మగమాటైతే బోనస్, ఆడమాటైతే బోనా, రెండూ కాకపోతే బోనమ్. వాళ్లకి నమ్మకం ఆడమాట, అందుకని బోనా. ఇంకా మంచిదైతే మెలియర్, అన్నిటికన్నా మంచిదైతే ఆప్టిమస్."

"మంచికి ఇన్ని వేషాలా? ఆ ఆసామి ఏనాడన్నా నాగలి మేడి పట్టాడా?"

"నీకెందుకయ్యా? వెయ్యి వేలు."

"అడుగున ఏం రాశారు?"

"చదివి వినిపించగా అర్థమై, ఒప్పుకుని వేలిముద్ర వేశానని. అన్ని కాగితాల్లో ఉండేదే."

"ఎప్పుడు రాశారు?"

"నిన్న."

"నిన్న నేను చేలో ఉన్నా. నాకు అర్థమైందని మీకెట్లా తెలిసిందండీ?"

గుమాస్తా సిరాదిండు ముందుకు జరిపాడు.

"కాగితం ఇట్టివ్వండి. రైతుసంఘంలో చదివించుకొస్తా."

"బయటికి ఇవ్వకూడదు."

"అయితే కాగితం మీ దగ్గరుంచుకోండి. వేలు నా దగ్గరుంటది. రేపు పొద్దున దుక్కి ఉంది, వెళ్లొస్తా."