పట్టుకోవడమని అర్థం

ఇంగ్లండులో యార్క్‌షైర్ కొండల దిగువన ఒక పిల్లల ఆసుపత్రి. ఆరువారాల పసివాడి తొట్టి పక్కన వాడి తల్లి కూర్చుని ఉంది. గొర్రెలు కాసుకునే ఆమె తండ్రి అప్పుడే వచ్చి నిలబడ్డాడు.

"డాక్టరమ్మ ఏమంది తల్లీ?"

"నెడ్ థ్రైవ్ కావడం లేదంది నాన్నా. ఒళ్లు చెయ్యడం లేదని. నువ్వు గొర్రెపిల్లల్ని అనే మాటే అంది."

"ఊరుకో. వీడేమన్నా గొర్రెపిల్లా?"

"అలాంటి గొర్రెపిల్లల్ని నువ్వేం చేస్తావు?"

"వంటింట్లో పొయ్యి పక్కన పడుకోబెడతాను. నోట్లో వేలు పెట్టి చూస్తాను. వెచ్చగా ఉంటే పాలు పడతాను."

"చల్లగా ఉంటే?"

"టీ తాగుతావా? కింద అమ్ముతున్నారు."

"నాన్నా, చల్లగా ఉంటే?"

"అసలు ఆ థ్రైవ్ అనే మాట ఎక్కడిదో తెలుసా నీకు? మా బడి పంతులు చెప్పేవాడు. వెనకటికి ఓడల్లో వచ్చి ఈ కొండల్లో స్థిరపడ్డ నార్స్ వాళ్లదట. వాళ్ల భాషలో మొదట పట్టుకోవడమని అర్థమట. గట్టిగా పట్టుకున్నదే ఎదుగుతుందనేవాడు."

"పట్టుకోవడమా?"

"పసిపిల్లలు వేలిస్తే పట్టుకోరూ, అలాగ. వాడి గుప్పిట్లో నీ వేలు పెట్టి చూడు."

"నేను పెట్టను."

"ఎందుకే?"

"పట్టుకోకపోతే?"

"పిచ్చిదానా, ఎందుకు పట్టుకోడు?"

"అయితే నువ్వు పెట్టు నాన్నా."

"నా చేతులు చల్లగా ఉన్నాయమ్మా. కాస్త వెచ్చబడనీ."

"వచ్చిందగ్గర్నుంచీ జేబుల్లోనే ఉన్నాయిగా నాన్నా. ఇంకా వెచ్చబడలేదా?"