మూడో హెల్మెట్

హెల్మెట్లు అమ్మే దుకాణం. కట్టేసే వేళ కావస్తోంది. కౌంటరుకి ఇవతల బావ, బావమరిది. అవతల దుకాణావిడ.

"ఫిబ్రవరి పంతొమ్మిది మేడమ్, ఆదివారం. పొద్దున్న మా బావ రెండు ఉడికిన గుడ్లు, నాలుగు రొట్టెముక్కలు తిన్నాడు. నేను ఒకే ఒక్క అరటిపండు తిన్నాను."

"తిండి సంగతి ఆవిడకెందుకురా? ఇంటర్‌కమ్ కావాలని చెప్పు, చాలు."

"సందర్భం తెలియాలి బావా. అరటిపండు తిన్నవాడు ఎంతసేపని అరవగలడు, అదీ ఇక్కడ ముఖ్యం. ఈయన బండి ముందు మేడమ్, నా బండి వెనక. రోడ్డు రెండుగా చీలింది. కుడికి, కుడికి అని గొంతు చించుకున్నాను. ఈయన నింపాదిగా ఎడమకి తిరిగి, నలభై కిలోమీటర్లు పోయి, సిమెంటు ఫ్యాక్టరీ గేటు ముందు ఆగాడు. కాపలా ఆయన మేం ఉద్యోగాలకొచ్చామనుకుని, ఖాళీల్లేవు పొమ్మన్నాడు."

"నువ్వు పాట పాడుతున్నావనుకున్నాను."

"నేను పాడితే అలా ఉంటుందా?"

"అలాగే ఉంటుంది."

"చూశారుగా మేడమ్, ఇదీ వరస. బండి మీద ఒకరి మాట ఒకరికి వినబడే యంత్రం ఏదైనా ఇవ్వండి. వినిపించుకునే యంత్రం ఉంటే మరీ మంచిది."

"వినబడేదాకానే కంపెనీ బాధ్యత సార్. వినిపించుకోవడం వారంటీలో రాదు. ఇదిగో, ఇది చూడండి. హెల్మెట్‌కి పక్కన తగిలించుకుంటారు. చెవుల దగ్గర రెండు స్పీకర్లు, నోటి దగ్గర మైకు. ఒకసారి చార్జింగ్ పెడితే పదమూడు గంటలు మాట్లాడుకోవచ్చు."

"పదమూడా? మా బావ ఈ నాలుగేళ్ళలో ఆడిన మాటలన్నీ కలిపినా అన్ని గంటలుండవు. అనవసరంగా బ్యాటరీ దండగ. ఓ అరగంటది లేదా?"

"తీసుకోనీరా. ఉంటే మంచిదేగా."

"ఓహో, నువ్వు మాట్లాడదామనే ఉన్నావా? మంచి రోజులొచ్చాయి. మరి గాలి హోరు సంగతేమిటి మేడమ్?"

"మైకు గాలిని ఆపేసి మనిషి గొంతు ఒక్కటే పంపిస్తుంది సార్."

"మా ఇంట్లో నాకోసం దీనికి సరిగ్గా ఉల్టాది వెతుకుతున్నారు. దొరికితే ఒకటి పక్కన పెట్టండి. గ్లవ్స్ వేసుకుంటే ఈ బొత్తాలు తెలుస్తాయా?"

"పెద్ద బొత్తం నొక్కితే మాట, చిన్నది నొక్కితే పాట."

"పాట వద్దు మేడమ్. పాటకీ అరుపుకీ ఈయనకి తేడా తెలియదని ఇప్పుడే తేలింది."

"మీ హెల్మెట్లు తెచ్చారా సార్? గడ్డం దాకా మూసిన హెల్మెట్‌కి మైకు వేరు, తెరిచినదానికి వేరు."

"బండి మీదే ఉన్నాయమ్మా. ఒరే, వెళ్ళి రెండూ పట్రా."

"నేనే ఎందుకు?"

"నాకు మోకాళ్ళురా."

"మోకాళ్ళు నాకూ రెండున్నాయి బావా. సరే, వెళ్తున్నాను. నేనొచ్చేదాకా దేనికీ ఒప్పుకోకు. మేడమ్, ఈయనకి ఏది చూపించినా గంగిరెద్దులా తలూపుతాడు. ఆ తలని లెక్కలోకి తీసుకోకండి."

"వెళ్ళాడా అమ్మా?"

"మెట్లు దిగుతున్నారు సార్."

"అయితే గబగబా చెప్పమ్మా. మూడు హెల్మెట్లని కలిపేది ఉందా?"

"మీరు ఇద్దరేగా?"

"ఇద్దరమే. ఇప్పటికి."

"ఇప్పటికి అంటే?"

"మూడో మనిషి ఉంది. వాడికింకా చెప్పలేదు."

"ఉంది."

"ఊఁ. ఉంది. వాడు నా భార్యకి తమ్ముడమ్మా. ఆవిడ పోయి నాలుగేళ్ళు దాటింది. ఇప్పుడు నేను ఇంకొకావిణ్ణి పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాను. నలుగురి నోటా వినేలోగా ఆ మాట వాడికి నేనే చెప్పాలి. ఆరు ఆదివారాలుగా చెబుదామనే బయల్దేరుతున్నాను."

"ఆరు వారాలు నోరు రానిది ఇంటర్‌కమ్ కొంటే వస్తుందా సార్?"

"ఎదురుగా చూస్తూ చెప్పలేకపోతున్నానమ్మా. వాడిది అచ్చం వాళ్ళక్క మొహమే."

"అయ్యో. ఆయన కాదంటారేమోననా?"

"కాదనడు. నవ్వేసి, నాలుగు ఎకసెక్కాలాడి, మెల్లిగా తప్పుకుంటాడు. అదే నా భయం. వాడు రాకపోతే నాకు ఆదివారమే లేదు."

"మూడుది ఉంది సార్. కానీ నా మాట వినండి. కొనేముందు పరీక్ష చెయ్యాలి కదా, ఒకళ్ళు ఇక్కడ, ఒకళ్ళు వీధి చివర. మొహం కనబడదు, మాట మాత్రం చెవిలో పడుతుంది."

"చల్లగా ఉండమ్మా."

"చల్లగానే ఉంది సార్, ఏసీ పనిచేస్తోంది. అదిగో, వస్తున్నారు."

"ఇవిగో హెల్మెట్లు. ఏమిటి, నన్ను చూడగానే ఇద్దరూ మాట మానేశారు? బావా, తలూపావా?"

"లేదురా. పరీక్ష చెయ్యాలట. ఒకటి తగిలించుకుని వీధి చివరిదాకా నడవాలి."

"ఎవరు? వద్దులే, చెప్పకు. మోకాళ్ళు."

బావమరిది హెల్మెట్ పెట్టుకుని వీధిలోకి వెళ్ళాడు. బావ రెండోది పెట్టుకుని లోపలే నిలబడ్డాడు.

"హలో. బావా, మందుల దుకాణం దాటాను. బండి లేకుండా హెల్మెట్‌తో నడుస్తుంటే జనం దారి ఇస్తున్నారు. పిచ్చివాళ్ళకి ఇంత మర్యాద ఉందని తెలియదు."

"బాగానే వినబడుతోందిరా."

"నాకు నీ ఊపిరి కూడా వినబడుతోంది. మరీ ఇంత దగ్గరతనం అక్కర్లేదని ఆవిడకి చెప్పు."

"ఎక్కడున్నావు?"

"లాండ్రీ ముందు. ఇస్త్రీ చేసే ఆయన నా బండి ఎవరో ఎత్తుకుపోయారనుకుని ఓదారుస్తున్నాడు."

"ఇంకొంచెం ముందుకి వెళ్ళు."

"ఇంకెక్కడికి? నన్ను ఇలాగే ఊరు దాటించే ఆలోచనా?"

"ఒరే."

"ఊఁ."

"ఒక మాట చెప్పాలి."

"చెప్పు. పదమూడు గంటలుంది."

"ఫిబ్రవరి పంతొమ్మిదిన నువ్వు అరిచింది నాకు వినబడింది."

"ఏం వినబడింది?"

"కుడికి అన్నావు. తెలిసే ఎడమకి తిరిగాను. ఆ దారిలో పెట్రోలు బంకు దగ్గర ఒకావిడ మనకోసం నిలబడి ఉంది. నీకు పరిచయం చేద్దామనుకున్నాను. తీరా బంకు కనబడేసరికి బండి ఆపలేకపోయాను. పాపం ఆవిడ చెయ్యి ఊపుతూనే ఉంది. చూడనట్టు పోయాను. అలా పోయి, పోయి, సిమెంటు ఫ్యాక్టరీ."

"ఎవరావిడ?"

"నాకు కంటి పరీక్ష చేసి అద్దాలిచ్చిందే, ఆవిడ. హెల్మెట్ పెట్టుకుంటే కళ్ళద్దాల కాడలు కణతల్లో గుచ్చుకుంటున్నాయన్నాను. నేను అడక్కుండానే అరగదీసి సన్నగా చేసి ఇచ్చింది. అక్కడ మొదలైంది మాట. పదకొండు నెలలయింది. పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాంరా. ఒరే. వినబడిందా?"

"లేదు."

"ఎక్కణ్ణుంచి వినబడలేదు?"

"మొదట్నుంచీ."

"మళ్ళీ చెప్పనా?"

"వద్దు. సిగ్నల్ లేదు."

బావమరిది తిరిగొచ్చాడు. నడిచి వెళ్ళినదానికంటే త్వరగానే వచ్చాడు.

"మేడమ్, ఇది పనికిరాదు. లాండ్రీ దాటగానే తెగిపోయింది. ఇంకేదైనా చూపించండి."

"తెగిపోతే ఇది రెండుసార్లు కూస్తుంది సార్. కుయ్యలేదు."

"అయితే కూత కూడా చెడిపోయింది."

"కిలోమీటరు దాకా పనిచేసే సరుకు సార్ ఇది. మీరు వెళ్ళింది రెండొందల అడుగులు."

"అమ్ముకునేవాళ్ళు అలాగే చెప్తారు లెండి. బావా, పద. రేపు ఇంకో దుకాణం చూద్దాం."

"ఒరే, కాసేపు కూర్చో."

"రోజల్లా కూర్చునే ఉద్యోగమే నాది. నిలబడనీ."

"కోపం వచ్చిందా?"

"నాకెందుకు? నీ పెళ్ళి, నీ కళ్ళద్దాలు. నిన్ను అంత దగ్గర్నుంచి చూశాక కూడా ఒప్పుకుందంటే, ముందు ఆవిడ కళ్ళు ఎవరైనా పరీక్ష చెయ్యాలి. అంతకుమించి నాకేం అభ్యంతరం లేదు."

"అంటే వినబడింది."

"ముక్కలు ముక్కలుగా."

"నీకు ముందే చెప్పాల్సింది. తప్పే."

"స్కూటరు కూడా నడపడం రానివాణ్ణి బావా నేను. అక్క పోయాక ఆర్నెల్లు నువ్వు కిటికీ పక్క కుర్చీ వదల్లేదు. అన్నం కంచం కూడా ఆ కుర్చీలోకే తెమ్మనేవాడివి. నిన్ను లేపడానికి గోనెపట్టా కప్పిన నీ బండొక్కటే దారిగా కనబడింది. అందుకని నలభై ఏడేళ్ళకి వెళ్ళి డ్రైవింగ్ స్కూల్లో చేరాను. పద్దెనిమిదేళ్ళ ఆడపిల్లలు నన్ను అంకుల్, అంకుల్ అని చెయ్యి పట్టుకుని బండెక్కించారు. నాకిప్పటికీ బండంటే భయమే. మలుపొస్తే ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుంటాను. అది నీకు తెలుసా?"

"తెలుసు."

"ఏం తెలుసు?"

"మలుపు ఇంకా దూరం ఉండగానే నేను బ్రేకు మూడుసార్లు తాకుతాను. వెనక ఎర్ర దీపం చూసి నువ్వు నెమ్మదిస్తావని."

"అది నాకోసమా?"

"మరెవరికోసం?"

"నీ దీపంలో వైరు లూజయిందనుకున్నాను. నీకు చెప్పకుండా మెకానిక్‌ని పిలిచి రెండుసార్లు విప్పించాను కూడా."

"అదీ తెలుసు. రెండోసారి సరిగ్గా బిగించలేదు వాడు."

"సార్, మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఇల్లు చేరాల్సినదాన్ని నేను. రెండుదా, మూడుదా?"

"రెండుదే మేడమ్. ఆయనకొకటి, ఆవిడకొకటి."

"మరి నీకోరా?"

"నాకెందుకు? రేపు దారిలో టీ తాగుతుంటే ఎవరైనా నన్ను చూపించి, ఈయన మీకేమవుతారని ఆవిణ్ణి అడిగారనుకో. పాపం ఏం చెప్తుంది? మా ఆయన మొదటి భార్యగారి తమ్ముడు అనాలి. అంత పొడుగు చుట్టరికం హెల్మెట్‌లో పట్టదు బావా."

"నా బావమరిది అని నేను చెప్తాను."

"ఎవరి తరఫున?"

"ఎవరి తరఫున ఏమిట్రా?"

"బావమరిది అంటే ఎవరో ఒకరికి తమ్ముడై ఉండాలిగా. అక్క లేదు. ఆవిడకి నేనెవర్నీ కాను. ఎవరి తరఫున వస్తాను, అడుగుతున్నాను."

"ఆ చుట్టరికాన్ని ఏమంటారో నాకు తెలియదురా. నువ్వు రాకపోతే నేను బండి తియ్యనని తెలుసు. అంతే."

"పెళ్ళి మాత్రం చేసుకుంటావు."

"నువ్వు సరే అనేదాకా తేదీ పెట్టొద్దని ఆవిడే అంది."

"నన్నడగమందా?"

"అడగమంది. బంకు దగ్గర ఆగకుండా పోయాం చూడు, ఆ సాయంత్రం ఫోన్ చేసింది. చెడామడా తిడుతుందనుకున్నాను. ఒక్కటే అడిగింది. వెనక బండాయన అంతలా అరుస్తూ వెళ్ళారు, గొంతు పోలేదు కదా అని."

"పోయింది. మూడు రోజులు మాట రాలేదు."

"అదే చెప్పాను. వేణ్ణీళ్ళు పుక్కిలించమంది."

"అంటే ఆ సోమవారం నువ్వు ఫోన్ చేసి వేణ్ణీళ్ళు పుక్కిలించరా అన్నది..."

"ఆవిడ చెప్పిందే."

"నీ బుర్రకి అంత తట్టదని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. ఇంట్లో వాళ్ళయితే ఇన్నాళ్ళకి ఇల్లు ప్రశాంతంగా ఉందన్నారు, ఒక్కళ్ళూ గొంతు సంగతి అడగలేదు. ఆవిడ బండి నడుపుతుందా, నీ వెనక కూర్చుంటుందా?"

"సొంత బండి ఉంది. నాకంటే బాగా నడుపుతుంది."

"నీకంటే బాగా నడపడం ఓ గొప్పా? వయసెంత?"

"నీకంటే రెండేళ్ళు పెద్ద."

"ఊఁ."

"ఏమిటి, ఊఁ?"

"ఏం లేదు. మేడమ్, మూడుది తియ్యండి."

"ఇప్పుడేగా సార్ రెండుది అన్నారు?"

"మీకు సరిగ్గా వినబడి ఉండదు. ఒకసారి చెవులు చూపించుకోండి."

"మా దుకాణంలో నా చెవులకే వంక పెట్టిన మొదటి కస్టమరు మీరు. సరే, ఇవ్వండి, మూడింటినీ ఒకదానితో ఒకటి కలుపుతాను. ఒక్కోదానికి ఒక్కో పేరు కొట్టాలి. ఎవరు మాట కలిపితే వాళ్ళ పేరు మిగతావాళ్ళ చెవిలో చెప్తుందన్నమాట. మొదటిదానికి?"

"బావ అని కొట్టండి. తిన్నగా పోయేవాడికి ఇంకో పేరుండేది, ఈయనకి ఇదే చాలు."

"కొట్టాను. రెండోదానికి?"

"బావమరిది అని కొట్టమ్మా. వాడు ఏమన్నా సరే."

"కొట్టాను. మూడోదానికి?"

"అది... దాన్ని ఇప్పటికి ఖాళీగా ఉంచమ్మా."

"ఖాళీగా ఉంచితే యంత్రం ఒప్పుకోదు సార్. ఏదో ఒకటి చెప్పాలి."

"అయితే కళ్ళద్దాలు అని కొట్టు."

"బుద్ధుందా బావా? పెద్దావిణ్ణి పట్టుకుని కళ్ళద్దాలేమిటి? చెరిపెయ్యండి మేడమ్. అక్క అని కొట్టండి."

బావ మొహం కనబడకుండా మళ్ళీ హెల్మెట్ పెట్టుకున్నాడు. దుకాణావిడ ఆ పేరు కొట్టి, ఇంకెవరూ లోపలికి రాకుండా, చప్పుడు చెయ్యకుండా తలుపు మూసింది.