దగ్గున్న పాట

దుకాణం ఖాళీ చెయ్యాలి, గోడమేకులు పీకాలి, సాయంత్రానికి తాళం అప్పజెప్పాలి. రేడియో మెకానిక్ పోయి నెలయింది. ఆయన టేపులన్నీ మరిదికిచ్చేసి, ఒక్కటి మాత్రం ఉంచుకుంటానంది ఆయన భార్య.

"అయితే ఈ గిటారు పాట తీసుకో వదినా. రాక్ బ్యాండ్లలో వీళ్ళే మొనగాళ్ళు."

"ఆ గోలా? చెవులు చిల్లులు పడతాయి. నాకా నిదానం పాటివ్వు."

"అదా! రేడియో ముందు మైకు పెట్టి రికార్డు చేశాడన్నయ్య. నడిమధ్యన దగ్గాడు కూడా. శుభ్రమైన కాపీ నేనిస్తాలే."

"శుభ్రమైనది నువ్వే ఉంచుకోవయ్యా."

"దగ్గి, 'అయ్యయ్యో, పాడుచేశానే' అంటాడు వదినా!"

"ఆయన గొంతు ఇంకెక్కడుంది చెప్పు?"

మరిది ఆ టేపును చొక్కాకు తుడిచి ఆమె చేతిలో పెట్టాడు.

మీరూ ఎప్పుడైనా నిదానం పాటొకటి వింటుంటే, ఆ రేడియో మెకానిక్‌ను ఓసారి తలుచుకోండి.