గున్నమ్మ పంచిపెట్టిన మందు పేరు

గున్నమ్మని ఊళ్లో ముఠా గున్నమ్మ అనేవోళ్లంట. తనతో కలిపి ఐదుగురు ఆడోళ్లు నాట్లకెళ్లేవోళ్లు. ఎవరి మునుం ఆళ్లదే, అంటే మడిలో ఎవరికొచ్చిన వరస ఆళ్లే నాటాల. పక్కదాని మునుంలో చెయ్యి పెట్టావనుకో, మొగాన ఊసేవోళ్లు. ఆ గున్నమ్మకి ఏడేళ్ల కూతురు, నీలి. దానికి మెదడు జ్వరమొచ్చి మూర్ఛలొస్తంటే, ఊళ్లోకొచ్చిన డాక్టరు చీటీ రాసిచ్చి, ఈ మందు పట్నంలోనే దొరుకుద్ది, ఆలస్యం చెయ్యకమ్మా అన్నాడంట. ఆ పేరేమో ఇంగ్లీషులో బారెడుంది, నోట్లో పట్టదు. బడి పంతులమ్మ దాన్ని ఐదు ముక్కలు చేసింది. "ట్రై, మె, థాక్, సి, లిన్. చివరి రెండూ ఇంటిపేరు లాంటియ్యి, చానా మందులకుంటాయి. ఏ మందో చెప్పేది ముందున్న మూడే" అందంట. ఇంకేముంది, గున్నమ్మ మునాలు పంచినట్టు ముఠాలో ఐదుగురికీ తలో ముక్కా పంచేసింది.

ఏమైందంటే, రొంటిన దోపుకున్న చీటీ మడిలో తడిసి ముద్దయింది. పంతులమ్మా సెలవులకెళ్లిపోయింది. "పోతే పోనీ, మాట మన దగ్గరుందిగా" అందంట గున్నమ్మ. తెల్లారి బస్సు కాడికొస్తే థాక్ ముక్క పోలమ్మ లేదు! చెల్లెలి పురుడని పైఊరెళ్లింది. పక్కదాని ముక్క ఎవరు నేర్చారు కనక? "ఐదు మునాల్లో నాలుగు నాటితే మడి నాటినట్టే కదంటే" అని ఎక్కేసింది పిచ్చిది.

మందుల కొట్టు ముందు నిలబడి వరసన చెప్పారంట. ట్రై, మె... సి, లిన్. కొట్టాయన నవ్వలేదు పాపం. "ఇట్టా మొదలై ఇట్టా అయిపోయే మందులు నాలుగున్నాయమ్మా. తప్పుదిస్తే పిల్ల పోద్ది. ఆ మధ్యదేందో చెప్పు" అన్నాడు. గున్నమ్మ ఏడ్చింది, కాళ్లట్టుకుంది, తల కొట్టుకుంది. రాలేదు. తనూ ఇన్నదే, తనది కాదని వదిలేసింది.

మళ్లీ బస్సు, ఈసారి పోలమ్మెళ్లిన పైఊరు. పోలమ్మ ఆ ముక్క అనుకుంటా అనుకుంటా పరిగెత్తుకొచ్చింది. మర్నాడు ఐదుగురూ చెబితే సీసా చేతికొచ్చింది. ఇంటికొచ్చేసరికి నీలి లేదు.

ఆ సీసా గున్నమ్మ గూట్లో ఇంకా అట్టాగే ఉంది, మూత తియ్యలేదు. పేరు మొత్తం దానిమీద అచ్చేసే ఉంది. పోలమ్మయితే పోయేదాకా ఆ ఒక్క ముక్కే గొణిగింది, మా అత్తేలే, నేనిన్నాను. మీకు నేనేం చెప్పనమ్మా? పక్కదాని మునుంలో చెయ్యి పెట్టండి. మొగాన ఊస్తే తుడుచుకోండి.