గట్టుకొచ్చిన రొయ్యలు

ఇస్నాపూర్ చౌరస్తాలో అరుణమ్మ హోటల్ బల్ల మీద కూర్చున్నాడంటే త్రినాథరావు బాయిలర్ హెల్పరు కాదు, భీమవరం దగ్గర రెండెకరాల రొయ్యల చెరువుకు ఆసామి. తొంభై మూడులో ఆ చెరువు వదిలి వచ్చి ఐదేళ్లయినా నోరు మాత్రం ఇంకా ఆ గట్టు మీదే ఉంది. ఆ రోజు మొదటి షిఫ్టు దిగి, చాయ్ చేతికి రాగానే మొదలుపెట్టాడు.

ముందు చిన్నగానే అన్నాడు. రొయ్యపిల్లకి మేత నీళ్లలో పెరిగే పచ్చనాచు, కంటికి ఆననంత సన్నది. అది పట్టాలంటే చెరువుకీ ఎరువు వేయాలి. పేడ, తవుడు, వేరుశనగ చెక్క నానబెట్టి చల్లమన్నాడు వాళ్ల నాన్న. తను వింటేనా, యూరియా, సూపరు ఫాస్ఫేటు బస్తాలు దింపించాడు.

"నాన్న పేడనీళ్లకి పది రోజులు పట్టేదండి. నాకు మూడో రోజుకే చెరువంతా పచ్చబడిపోయింది. నాలుగో రోజు వాలిన కొంగ చిలకై లేచింది. నరసాపురం బస్సు ఆపి మరీ కండక్టరు దిగి, ఈ వరి ఏ రకమండీ అని అడిగాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"బస్సు నాచు మీదికెల్లి పోయిందా ఏంది?" అంది అరుణమ్మ, గ్లాసులు కడుగుతూ.

త్రినాథరావు ఆగలేదు. రొయ్య మోచేయంత అయిందన్నాడు. ఒక్కోదాన్ని ఇద్దరు మోశారన్నాడు. వాటి మీసాల మీద వాళ్లమ్మ బట్టలారేసుకుందన్నాడు. చెబుతూ చెబుతూ గొంతు మెత్తబడింది. ఆ ఉప్పుగాలి, తలకు తువ్వాలు చుట్టుకుని గట్టు వెంట నడిచే నాన్న, అన్నీ కళ్ల ముందుకొచ్చి బెంగ పుట్టింది.

"ఒకరోజు తెల్లారగట్ల వెళ్లి చూద్దును కదా, రొయ్యలన్నీ గట్టు చుట్టూ వరసకట్టి, తలలు పైకెత్తి, మీసాలతో నాకు దండం పెడుతున్నాయండి."

అందరూ నవ్వారు. సంగయ్య నవ్వలేదు. అతను గుమ్మడిదల దిక్కు రైతు, ఇప్పుడు త్రినాథరావు పనిచేసే ప్లాంటులోనే గేటు కాపలా.

"మా ఊరి చెరువుల ఫ్యాక్టరీ నీళ్లు కలిసినప్పుడు చేపలు గూడ గిట్లనే పొద్దుగాల ఒడ్డుకొచ్చినయ్, త్రినాథన్నా. దండం పెట్టనీకి రాలే. ఊపిరాడక వచ్చినయ్. పొద్దెక్కేవరకు అన్నీ సచ్చి తేలినయ్. నీయి ఎన్ని మిగిలినయ్?"

ఐదేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. నాచు మితిమీరితే రాత్రిపూట నీళ్లలోని గాలంతా అదే పీల్చేస్తుందని అప్పట్లో తనకి తెలియదు. నాన్నకి తెలుసు.

"ఒక్కటీ మిగల్లేదు," అన్నాడు త్రినాథరావు. "నాన్న బుట్ట తెచ్చుకుని చచ్చినవన్నీ ఏరాడు సంగయ్యా. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టుంటే అక్కడే ఉండిపోయేవాణ్ణి."